బడిలో కాంట్రాక్టు పనులు: పిల్లలకు ప్రమాదం రాకుండా ఎలా చూసుకోవాలి?

కొత్త గది కట్టినా, మరుగుదొడ్లు బాగుచేసినా, ప్రహరీ లేపినా పని జరిగేది పిల్లలు తిరిగే చోటే. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ కాంట్రాక్టరు చాలాసార్లు పక్క ఊరివాడో, ఎవరికో చుట్టమో అయి ఉంటాడు. ఆ మొహమాటంతో అడగాల్సినవి అడగం. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అందుకే అన్నీ పని మొదలుకాకముందే, కాగితం మీద తేల్చుకోవాలి.

1. ముందు అందరూ కలిసి బడి చుట్టూ తిరగండి

మొదటి లోడు ఇసుక దిగకముందే హెచ్ఎం, తల్లిదండ్రుల కమిటీ, కాంట్రాక్టరు, మేస్త్రీ కలిసి ఆవరణంతా చూడాలి. పిల్లలు ఏ గేటులోంచి వస్తారు, నీళ్లు ఎక్కడ తాగుతారు, భోజనానికి ఎక్కడ కూర్చుంటారు, కరెంటు తీగలు ఎక్కడ వేలాడుతున్నాయి అన్నవి గుర్తించండి. సామాను ఎక్కడ దించాలి, లారీ ఏ దారిన రావాలి, బాధ్యత ఏ మేస్త్రీది, కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి.

2. వేళలు వేరుచేయండి

పాత స్లాబు పగలగొట్టడం, కొత్త స్లాబు పోయడం, వెల్డింగ్ వంటివి వేసవి, దసరా, సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి. బడి మొదలయ్యేటప్పుడు, భోజన విరామంలో, బడి వదిలేటప్పుడు ఒక్క బండి కూడా కదలకూడదు. లారీ రివర్స్ చేస్తుంటే వెనకాల ఒక మనిషి నిలబడి దారి చూపాల్సిందే. క్యాబిన్‌లో ఉన్న డ్రైవరుకు వెనక ఉన్న ఒకటో తరగతి పిల్ల కనిపించదు.

3. అడ్డు గట్టిగా కట్టండి

తాడు కడితే సరిపోదు, పిల్లలు దాని కింద నుంచి దూరిపోతారు. సరుగుడు కర్రలు పాతి, రేకులతో మనిషెత్తు అడ్డు కట్టించండి. ఇనప చువ్వల కొనలు వంచాలి, లేదా మూతలు తొడగాలి. సాయంత్రం నిచ్చెన తీసి తాళం వేయాలి. పునాది గోతులు, సంపులు ఒక్క రాత్రి కూడా తెరిచి ఉంచకూడదు. వానకు నిండిన గొయ్యి ఎంత లోతుందో పైనుంచి తెలియదు. ఆదివారం ఆటకు వచ్చే పిల్లలకు అదే పెద్ద గండం.

4. కరెంటు

తరగతి గది సాకెట్‌లో ఉత్త తీగలు గుచ్చి కాంక్రీటు మిక్సర్ నడపడం చూస్తే వెంటనే ఆపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. తీగల అతుకులు తడి నేల మీద ఉండకూడదు.

5. సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దింపకండి

మనుషుల్ని ప్రమాదకరంగా లోపలికి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. లోపలి విషవాయువుకు ఒకరు పడిపోతే, కాపాడబోయిన రెండో మనిషీ ప్రాణం పోగొట్టుకుంటాడు. యంత్రంతోనే తీయించాలి.

6. మనుషుల సంగతి

కూలీలకు తాగునీరు, నీడ, విడిగా మరుగుదొడ్డి చూపించండి. హెల్మెట్, ఎత్తులో పనికి బెల్టు కాంట్రాక్టరే ఇవ్వాలి. పిల్లలతో ఇటుకలు మోయించడం, టీ తెప్పించడం వద్దు. వాళ్లను ఫొటోలు తీయడం, ఒంటరిగా పిలవడం అసలే వద్దు. అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయమని పిల్లలకూ చెప్పి ఉంచండి.

కూలీలు తమ పిల్లల్ని పనికి తెచ్చి ఇసుక కుప్ప మీద వదిలేస్తుంటారు. ఆ పిల్లలూ మన పిల్లలే. 6 నుంచి 14 ఏళ్లవాళ్లను ఏడాది మధ్యలోనైనా, టీసీ లేకపోయినా బడిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చిన్నవాళ్లను అంగన్‌వాడీకి పంపండి.

7. తుపాను హెచ్చరిక వస్తే

హుద్‌హుద్ 2014లో, ఉద్దానం తోటల్ని కూల్చిన తిత్లీ 2018లో వచ్చాయి. రెండూ అక్టోబరులోనే. అంటే దసరా సెలవుల పని నడిచే రోజుల చుట్టూనే. హెచ్చరిక రాగానే పరంజా విప్పించి, విడి రేకులను లోపల పెట్టించాలి.

8. ఆపే అధికారం ఒకరికి ఇవ్వండి

రోజూ మొదటి గంటకు ముందు ఒక టీచరు పని స్థలం చూసి రావాలి. తేడా కనిపిస్తే ఎవరినీ అడగకుండా పని ఆపించే అధికారం వారికి ఉండాలని మొదటి కాగితంలోనే రాయించండి. పని పూర్తయ్యాక మేకులు, గాజు ముక్కలు, తీగల తునకలు ఏరించి, గోతులు పూడ్పించి, ఆవరణంతా మరోసారి చూశాకే చివరి బిల్లు మీద సంతకం పెట్టండి.