ఆస్ట్రేలియా అబొరిజినల్ ప్రజలతో ఇంటర్వ్యూలు ఎలా చేయాలి?

ఆస్ట్రేలియాలో పబ్లిక్ హెల్తో, సోషల్ వర్కో చదువుతూ అబొరిజినల్ ప్రజల మీద, అంటే అక్కడి మూలవాసుల మీద ప్రాజెక్టు తీసుకున్నారా? చాలామంది ముందు ప్రశ్నల పట్టిక రాసుకుని కూర్చుంటారు. నిజానికి దాని వంతు చాలా తర్వాత వస్తుంది.

1. ఎవరి నేల మీదికి వెళ్తున్నారో తెలుసుకోండి

తెల్లవాళ్ళు వచ్చేనాటికి అక్కడ 250కి పైగా భాషలుండేవి. పెర్త్ వైపు నూంగార్‌లు వేరు, ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో యోల్ఙులు వేరు. ఒకచోట నేర్చుకున్న మర్యాద ఇంకోచోట పనికి రాకపోవచ్చు. 'అబొరిజిన్' అనే పాత మాట చాలామందికి కష్టం కలిగిస్తుంది. తమను ఏమని పిలవాలో వాళ్ళనే అడగండి.

2. అనుమతి తీసుకోండి, ఒకచోట కాదు

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఎలాగూ ఉంటుంది. ఆ అప్లికేషన్ రాసేముందు మూలవాసుల అధ్యయనాలు చూసే ప్రభుత్వ సంస్థ అయాట్సిస్ (AIATSIS) 2020లో తెచ్చిన పరిశోధనా నియమావళి చదవండి. నార్తర్న్ టెరిటరీలో అబొరిజినల్ భూముల్లోకి వెళ్ళాలంటే పర్మిట్ కూడా కావాలి. ఇవన్నీ కాగితాలు. అసలు సరే అనాల్సింది అక్కడి పెద్దలు. ప్రపోజల్ రాయకముందే వాళ్ళను కలిసి, "మీకు ఏం తెలుసుకోవాలనుంది?" అని అడగండి. మీ టాపిక్కే మారిపోవచ్చు. మారనివ్వండి. పరిశోధన పేరుతో వచ్చినవాళ్ళు ఈ ప్రజల పూర్వీకుల ఎముకలు కూడా మ్యూజియంలకు పట్టుకుపోయారు. అనుమానంగా చూస్తే తప్పు పట్టకండి.

3. తొందర ఇంట్లో పెట్టి వెళ్ళండి

ఊళ్ళో ఎవరైనా పోతే అంతా ఆగిపోతుంది. దాన్ని 'సారీ బిజినెస్' అంటారు. అది రోజుల్లో తేలొచ్చు, వారాలు పట్టొచ్చు. ఆ సమయంలో ఇంటర్వ్యూ మాట ఎత్తకండి. టైమ్‌టేబుల్‌లో ముందే ఖాళీ ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

4. ప్రశ్నించకండి, కబుర్లలో కూర్చోండి

వాళ్ళు 'యార్నింగ్' అనేది మన అరుగు మీది కబుర్లకు దగ్గరగా ఉంటుంది. మీదే ఊరు, మీవాళ్ళెవరు అన్న దగ్గర మొదలవుతుంది. మీ గురించి చెప్పకుండా వాళ్ళ గురించి అడిగితే కుదరదు.

అవును, కాదు అని తేల్చే ప్రశ్నలతో జాగ్రత్త. "కొత్త క్లినిక్ బాగుందా?" అంటే "బాగుంది" అంటారు. కాసేపాగి "పాతదే నయమా?" అంటే దానికీ "అవును" అనొచ్చు. అది అబద్ధం కాదు. వచ్చిన మనిషిని నొప్పించకుండా, త్వరగా సాగనంపే మర్యాద. మనమూ ఫోన్లో "ఆఁ, సరే సరే" అనమూ? అందుకే "పోయినసారి క్లినిక్‌కు వెళ్ళినప్పుడు ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోండి. జవాబు వెంటనే రాదు. ఎదుటి మనిషి నేలకేసి చూస్తూ ఉండిపోతారు. ప్రశ్న అర్థం కాలేదేమోనని మీరు మళ్ళీ అందుకుంటారు, అక్కడే చెడుతుంది. ఆ మౌనం కూడా మాటలో భాగమే. నార్తర్న్ టెరిటరీలోని డేలీ రివర్‌కు చెందిన అబొరిజినల్ పెద్ద మిరియం-రోజ్ అంగన్‌మెర్-బౌమన్ 'దదిర్రి' అని చెప్పేది ఇలా నిదానంగా, లోతుగా వినడం గురించే.

గ్రూపుగా కూర్చోబెట్టే ముందు ఎవరు ఎవరితో కూర్చోకూడదో స్థానికులను అడగండి. చాలాచోట్ల అత్త, అల్లుడు ఎదురెదురు పడరు. మన పాత ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఆడవాళ్ళ విషయాలు మగవాళ్ళు అడగకూడదు, మగవాళ్ళవి ఆడవాళ్ళు అడగకూడదు. అందుకే స్థానికులనే సహపరిశోధకులుగా పెట్టుకుని, జీతం ఇవ్వండి.

5. తీసుకున్నది తిరిగి ఇవ్వండి

రికార్డింగులు ఎవరి దగ్గరుండాలి, రిపోర్టులో ఎవరి పేరుండాలి అన్నది మొదట్లోనే రాసుకోండి. మాట్లాడిన మనిషి తర్వాత చనిపోతే, కుటుంబాన్ని అడగకుండా ఆ పేరు, ఫోటో, గొంతు వాడకండి. రాసింది అచ్చుకు పంపేముందు వెళ్ళి చదివి వినిపించండి, వద్దన్న ముక్క తీసేయండి. ఈ రెండో ప్రయాణం ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే పెట్టుకోండి. ప్రాజెక్టు అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.