చెరువు నీటి అసలు రంగును చూసే పద్ధతి

నర్సంపేట దగ్గరి పాఖాల చెరువు కట్టపై నుంచి చూస్తే నీరు నీలంగా కనిపిస్తుంది గాని, ఆ నీలంలో చాలా భాగం ఆకాశపు ప్రతిబింబమే. దానిని తగ్గించాలంటే గాలిలేని వేళ పోలరాయిడ్ కళ్లద్దాలు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చేవి) పెట్టుకొని, నిట్టనిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల వాలులో నీటిని చూడాలి. 1921లో ఓడ ప్రయాణంలో సి.వి. రామన్ సముద్రాన్ని అదే పని చేసే నికోల్ పట్టకమనే స్ఫటికంతో పరిశీలించినదీ ఇందుకే. తల పక్కకు వంచితే ప్రతిబింబం మళ్లీ వస్తుంది. మిగిలేది నీటి లోపలి వెలుగు: ఒండ్రు ఉంటే గోధుమ, నాచు ఉంటే ఆకుపచ్చ. స్వచ్ఛమైన లోతైన నీరు ఎరుపును పీల్చుకొని నీలంగా మిగులుతుంది; గ్లాసులో ఆ తేడా తెలియదు.

అదే నీరు ఆకాశం నుంచి మంచుగా కురిస్తే తెల్లగా ఎందుకు కనిపిస్తుందో, మంచు కురవని మన ఓరుగల్లులో ఐస్ గోలా బండి దగ్గరే పరీక్షించవచ్చు. పారదర్శకమైన గడ్డను తురమగానే, పలుకుల అంచుల వద్ద అన్ని రంగుల కాంతి పదేపదే చెదిరి తెల్లగా కనిపిస్తుంది; చల్లని నీరు పోస్తే గాలి సందులు నిండి ఆ తెలుపు తగ్గుతుంది.