ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోసే ముందు

బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు లోపలి నీరు కొద్దికొద్దిగా విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికొస్తాయి. హైడ్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గాలిలో 4 శాతం కలిస్తే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. 75 శాతం దాకా అదే ప్రమాదం.

• ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ పీకి, ఓ అరగంట ఆగండి.

• తలుపులు, కిటికీలు తెరవండి. హైడ్రోజన్ గాలికంటే దాదాపు 14 రెట్లు తేలిక, కాబట్టి పైకే పోతుంది. మెట్ల కింద అరలో బ్యాటరీ పెట్టి తలుపేసేవాళ్లే ఎక్కువ. ఆ అరకు పైభాగంలో సందు లేకపోతే గ్యాస్ అక్కడే నిలిచిపోతుంది.

• పక్కనే దేవుడి గది ఉంటే దీపం కొండెక్కాకే మూతలు తీయండి. అగరొత్తి కూడా నిప్పే.

• నీటిమట్టం చూడ్డానికి అగ్గిపుల్ల, లైటర్ వద్దే వద్దు. టార్చి ముందే వెలిగించుకుని దగ్గరికి రండి.

• ఉంగరాలు, లోహపు గాజులు, వాచీ తీసేయండి. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే రవ్వలు లేస్తాయి.

• కళ్లజోడు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. పేలితే చిమ్మేది సల్ఫ్యూరిక్ యాసిడ్. పక్కన బకెట్ నీళ్లుంచండి. కంట్లో పడితే 15 నిమిషాలైనా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

• డిస్టిల్డ్ వాటరే పోయాలి, గుర్తు దాటకుండా.

• కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందా? అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. మూతలు ముట్టుకోకుండా బయటికొచ్చి మెకానిక్‌ను పిలవండి.