సర్ఫింగ్‌కి దిగే ముందు చూసుకోవాల్సినవి: అల, గాలి, వాన

ఫోర్‌కాస్ట్ తెరవగానే అందరి కళ్లూ అల ఎత్తు మీదే పడతాయి. ముందు చూడాల్సింది పీరియడ్, అంటే ఒక అల వెనక ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. 6, 7 ఉంటే దగ్గర్లోని గాలి రేపిన గజిబిజి నీళ్లే. 12 దాటితే ఎక్కడో దూరాన లేచిన తుఫాను పంపిన స్వెల్, అంటే వరుసగా సాగి వచ్చే పొడుగాటి అలలు. పీరియడ్‌ని దానితోనే హెచ్చవేసి, మళ్లీ 1.56తో హెచ్చవేస్తే లోతు నీళ్లలో అల పొడవు మీటర్లలో వస్తుంది: 7 సెకన్లకు 76, 14 సెకన్లకు 306. రెండింటికీ ఎత్తు ఒక మీటరే అని రాసి ఉన్నా, రెండోది తీరం దగ్గర ఇంకా పైకి లేచి గట్టిగా విరుగుతుంది. పైగా పెద్ద అలలు గుంపుగా వచ్చి, తర్వాత చాలాసేపు సద్దుమణుగుతాయి. ఆ సందులో చూసి దిగితే మోసపోయినట్టే. 20 నిమిషాలు ఒడ్డునే నిలబడి చూడండి.

ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే చిరుగాలికి అల నున్నగా నిలుస్తుంది. అదే గాలి జోరందుకుంటే కొత్తవాళ్లను బోర్డుతో సహా లోపలికి తోసేస్తుంది. ఎండెక్కేకొద్దీ నేల కాగి సముద్రపు గాలి లేస్తుంది, అల చెదిరిపోతుంది. అందుకే తెల్లవారుజామే మేలు. ఉరుము వినపడితే వెంటనే బయటికి రండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో మాత్రం ప్రశాంతంగా, నల్లగా కనిపించే పట్టీ ఉంటే అది రిప్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం. నురగ, ఇసుక నీళ్లు లోపలికి పోతుంటాయి. అందులో చిక్కితే బోర్డు వదలకండి, ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా ప్యాడిల్ చేసి (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తూ), అలలు విరిగే చోటికి చేరాక ఒడ్డుకు తిరగండి. తుఫాను వెళ్లాక ఇసుక మేటలు జరిగిపోతాయి, వాటితో పాటే రిప్ కూడా. పాత గుర్తులు నమ్మొద్దు.

భారీ వాన తర్వాత మూడు రోజులు, ముఖ్యంగా కాలువలు, నదులు కలిసే చోట, నీళ్లలోకి దిగకండి. మురుగంతా అక్కడికే చేరుతుంది. చెవి, కడుపు జబ్బులు వస్తాయి. మానని పుండు ఉంటే అసలే వద్దు.

సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్‌ది వాడండి. పగడపు దిబ్బలకు చేటని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయి 2021లో ఆపేసింది. అయినా పొడుగు చేతుల రాష్‌గార్డ్‌ను (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా) మించింది లేదు: నీళ్లలో కరగదు, మళ్లీ పూసుకునే పనీ లేదు.

బోర్డుకు పగులు పడితే ఆ పూటకి టేపు వేసి లాగించొద్దు. నీళ్లు లోపలి ఫోమ్‌లోకి ఇంకి బోర్డు బరువెక్కుతుంది. పగులు కిందికి వచ్చేలా నీడలో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. పగులు పూడ్చడానికి పూసే రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) తడి మీద పట్టదు. లోపల ఉన్నది పాలీస్టైరీన్ ఫోమ్ అయితే ఎపాక్సీ రెజినే వాడాలి, పాలియెస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది. అరగదీసే పని ఇసుక మీద పెట్టుకోకండి. కింద పట్టా పరిచి, మాస్క్ కట్టుకుని, రాలిన పొడిని చెత్తబుట్టలో వేయండి. అదంతా ప్లాస్టిక్కే, గాలికి నేరుగా సముద్రంలోకి పోతుంది.