సబ్‌టైటిల్స్ రాలేదని వీఎల్‌సీని తీసేసి మళ్లీ వేయకండి

మా వైజాగ్‌లో ఇదో అలవాటు. మలయాళం సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాకపోతే చాలు, కంప్యూటర్లో సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఇంకొందరు ద్వారకానగర్‌లో షాపుకి పరిగెత్తి విండోస్ మొత్తం ఫార్మాట్ చేయించుకొస్తారు. రెండూ అనవసరం. సెట్టింగుల్ని విడిగా తుడవకపోతే ప్లేయర్ మళ్లీ వేసినా పాత తిప్పలే.

తేలికైనవి ముందు కానిచ్చేద్దాం. వీడియో, సబ్‌టైటిల్ ఫైలు ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో ఉండాలి. చివర డాట్ ఎస్‌ఆర్‌టీ ఒక్కటే తేడా. సబ్‌టైటిల్స్ జిప్ ఫైలుగా దిగితే, దాన్ని విప్పకుండా రావట్లేదంటే ఎలా వస్తుంది? అప్పటికీ రాకపోతే ‘వి’ మీట నొక్కి ట్రాక్ మార్చండి.

మాట అయిపోయాక అక్షరాలొస్తుంటే ‘జి’, ముందే వచ్చేస్తుంటే ‘హెచ్’. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతాయి. మొదట్లో బాగుండి పోనుపోను దూరమైతే మాత్రం ఈ మీటలతో కుస్తీ పట్టకండి. సెకనుకి 25 ఫ్రేముల (అంటే బొమ్మల) వీడియోకి చేసిన ఫైలుని 23.976 ఫ్రేముల దానికి తగిలిస్తే గంటకి రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. ఇంకో ఫైలు వెతుక్కోవాలి, అంతే.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. “ఏటి బాబూ, ఈ డబ్బాలేటి?” అని మా పక్కింటి పెద్దాయన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. అప్పటికే ఎవరో చెప్పారని ఎన్‌కోడింగ్, అంటే ఫైల్లో అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి, వరసపెట్టి మార్చేశారట. అక్షరాల బదులు డబ్బాలొస్తే తప్పు ఫాంటుది, ఎన్‌కోడింగ్ జోలికి పోకూడదు. కంట్రోల్, పి కలిపి నొక్కి, సబ్‌టైటిల్స్ పేజీలో ఫాంటు నిర్మల యూఐ పెట్టి సేవ్ చేయండి. ప్లేయర్ మూసి తెరిస్తేనే మార్పు కనిపిస్తుంది. ఇది మరిచిపోయి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ.

డబ్బాలు కాకుండా, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కనే డిగ్రీ గుర్తు, ఇలా వరసగా కనిపిస్తే అది ఎన్‌కోడింగ్. ఇక్కడ తొందరపడొద్దు. ముందు ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు చక్కగా ఉంటే తప్పు ప్లేయర్‌ది. అదే సబ్‌టైటిల్స్ పేజీలో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ని తెలుగు పట్టే యూటీఎఫ్-8 చేయండి. నోట్‌ప్యాడ్‌లోనూ ఆ గీతల అక్షరాలే ఉంటే ఓపెన్ పెట్టెలో యూటీఎఫ్-8 ఎంచుకుని ఇంకోసారి తెరిచి చూడండి. అప్పటికీ అంతే అయితే ఫైలే చెడింది.

నోట్‌ప్యాడ్‌లో ఉన్నప్పుడు ఒక తప్పు మాటో, గుణింతమో దిద్దుదామని చెయ్యి లాగుతుంది. దిద్దండి, కానీ సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. తెలుగు పట్టని పాత పద్ధతి ఆన్సీ అని ఉంటే నోట్‌ప్యాడ్ హెచ్చరిస్తుంది, మనవాళ్లు చదవకుండా ఓకే కొట్టేస్తారు. ఆ క్షణంలోనే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఆ ఫైలు మూసేశాక ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు. కాపీ తీయమన్నది అందుకే.

అక్షరాల రంగు పసుపే పెట్టుకోండి. తెల్ల చొక్కా మీద తెల్ల అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి? సబ్‌టైటిల్స్‌ని వీడియోలోనే అతికించేయమని సలహా ఇచ్చేవాళ్లని మాత్రం దూరం పెట్టండి. రేపు తప్పు కనబడితే దిద్దుకునే దారే ఉండదు. ఇప్పటికే అన్నీ కెలికేసి ఏం మార్చారో గుర్తులేకపోతే, ప్రిఫరెన్సెస్ పెట్టె అడుగున రీసెట్ బటన్ ఉంది. అది నొక్కి, ఫాంటు దగ్గర్నుంచి మొదలుపెట్టండి.