పీటర్ కుషింగ్ నటన చూసి నేర్చుకోవడం ఎలా: తిరుపతి నాటక విద్యార్థుల కోసం

భయానక చిత్రం అనగానే మన నాటక విద్యార్థుల దృష్టి ముందుగా రాక్షసుడి వేషం మీదికే పోతుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవారికి అది సహజం కూడా, ఎందుకంటే గంగ జాతరలో బైరాగి వేషం మొదలుకొని మాతంగి వేషం దాకా రంగూ పూతా మనిషిని మరొకరిగా ఎలా మార్చేస్తాయో వారు చిన్ననాటి నుంచి వీధిలో నిలబడి చూస్తూనే ఉంటారు. ఆంగ్ల నటుడు పీటర్ కుషింగ్ (1913–1994) దారి వేరు. కోరలైనా, ఒంటినిండా కట్లైనా ఎక్కువగా ఆయన మిత్రుడు క్రిస్టఫర్ లీ వంతుకే వచ్చేవి. కుషింగ్ మాత్రం మామూలు ముఖంతో, చక్కగా కుట్టిన కోటుతో, చేతిలో ఏదో ఒక వస్తువుతో నిలబడి, ఎదుట ఉన్నది నిజమైన రాక్షసుడేనని ప్రేక్షకుడిని నమ్మించేవారు. ఆ నమ్మకం ఆయన చేతుల్లో పుట్టేది. కాబట్టి ఆయన చిత్రాలను చూసేటప్పుడు చేతులను వెంబడించండి.

ప్రతి చిత్రాన్నీ మొదటిసారి కథ కోసం పూర్తిగా చూడాలి. ఆంగ్ల సంభాషణలు అందకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో తప్పు లేదు. రెండోసారి మీరు ఎంచుకున్న రెండు మూడు దృశ్యాలను మాత్రమే, శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి. మాట వినిపించనప్పుడు, ఆయన ఏ వస్తువును ఎప్పుడు తీసుకున్నారో, దానిని ఎక్కడ పెట్టారో, ఆ మధ్యలో కళ్లు ఎటు పోయాయో స్పష్టంగా తెలుస్తుంది. ఆ మూడు సంగతులనూ నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆయన పుట్టుక నుంచి వరసగా చూడవలసిన పని లేదు. 1957లో బ్రిటన్‌కు చెందిన హామర్ చిత్ర సంస్థ తీసిన ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’తో మొదలుపెట్టండి. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. ఉరికొయ్య నుంచి దించి తెచ్చిన శవంతో పని చేస్తూ, శవాల భాగాలతో కొత్త జీవిని తయారుచేసే శాస్త్రవేత్త ఫ్రాంకెన్‌స్టైన్ పాత్రధారి కుషింగ్ నెత్తురంటిన చేతిని తన కోటుకే తుడిచేసుకుంటారు. ఆ తుడవడంలో అసహ్యం లేదు, ఆలోచన కూడా లేదు, మనసంతా తరువాత చేయవలసిన పని మీదే ఉంది. ఆ పాత్ర క్రూరత్వం ఎంతటిదో ఒక్క పలుకు లేకుండానే అక్కడ తేలిపోతుంది. మరోచోట పనిమనిషిని తాను తయారుచేసిన రాక్షసుడి పాలు చేసిన వెంటనే దృశ్యం మారి, ఆయన ఫలహారపు బల్ల దగ్గర కూర్చొని మార్మలేడ్ (నారింజ తొక్కల జామ్) అందించమని మర్యాదగా అడుగుతూ కనిపిస్తారు. దీనిని సాధన చేయాలంటే చేతికి తడి ముగ్గుపిండి అంటించుకొని, మీ నాటకంలోని ముఖ్యమైన సంభాషణ ఒకటి ఎక్కడా ఆగకుండా చెబుతూ, చేతి వైపు చూడకుండా తుడుచుకోండి. మాట తడబడినా, చూపు చేతి మీదికి జారినా మళ్లీ మొదటి నుంచి చేయండి.

రెండవది 1958లో వచ్చిన ‘డ్రాకులా’, అందులో ఆయన నెత్తురు తాగే పిశాచమైన డ్రాకులాను వేటాడే వాన్ హెల్సింగ్ పాత్ర ధరించారు. చివరి ఘట్టమే ఎక్కువమందికి గుర్తుండేది. పొడవైన బల్ల మీద పరుగెత్తి, ఎగిరి తెర లాగి, గదిలోకి ఎండ రానిచ్చిన తరువాత, రెండు కొవ్వొత్తి స్తంభాలను అడ్డంగా కలిపి శిలువగా చేసి, శిలువకు బెదిరి ఎండకు నశించే డ్రాకులాను ఆ ఎండలోకి నెడతారు. కథనంలో అప్పటికే తాను జేబులోంచి శిలువలు చాలాసార్లు తీశానని భావించి, ఆ స్తంభాల ఆలోచన చెప్పింది కుషింగే. అయితే అదే చిత్రంలో చలిలో ఉన్న చిన్నపిల్లకు తన కోటు కప్పే దృశ్యాన్ని వదిలిపెట్టవద్దు. చేతుల్లో అంతటి ఆప్యాయత చూపించిన మనిషే తరువాత పిశాచాల గుండెలో దిగగొట్టే మేకూ సుత్తీ పట్టుకుంటాడు కనుకనే ఆ పని మనకు దారుణంగా కాక తప్పనిసరి విధిగా తోస్తుంది. నా దృష్టిలో ఆయన నటనలో ఇంతకంటే గొప్ప క్షణం లేదు.

1959 నాటి ‘ది మమ్మీ’ని ఒక్క విషయం కోసమైనా చూడాలి. ప్రచారం కోసం వేసిన పోస్టరులో మమ్మీ (కట్లు చుట్టి భద్రపరిచిన ప్రాచీన ఈజిప్టు శవం) ఒంట్లో చిల్లి పడి, దానిలోంచి వెలుతురు వస్తున్నట్లు గీశారు. ఆ చిల్లి ఎలా పడిందని కుషింగ్ అడిగితే, అది టిక్కెట్ల అమ్మకం కోసమేనని సమాధానం వచ్చింది. ప్రేక్షకుడికి చూపిన బొమ్మకు కథలో కారణం ఉండాలని భావించిన ఆయన, తిమింగలాలను వేటాడే ఈటెను మమ్మీ ఒంట్లో దిగగొట్టే ఘట్టాన్ని తానే అడిగి చేర్పించారు.

ఇప్పుడు వెనక్కు వెళ్లండి. సర్వే కార్యాలయంలో సహాయకుడిగా పనిచేసి, లండన్‌లోని గిల్డ్‌హాల్ పాఠశాలలో చదువుకొని, 1939లో హాలీవుడ్ చేరి, చిన్న వేషాలు వేసి స్వదేశానికి తిరిగి వచ్చిన నటుడాయన. పేరు తెచ్చింది టెలివిజన్. 1954 డిసెంబరులో బీబీసీ జార్జ్ ఆర్వెల్ రాసిన ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’ నవలను నాటకంగా ప్రసారం చేసినప్పుడు ఆయన కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్‌గా నటించారు. అది ప్రత్యక్ష ప్రసారం, తప్పు జరిగితే దిద్దుకొనే వీలు లేదు. అదే వారం గురువారం మళ్లీ ప్రత్యక్షంగా ఆడిన రెండో ప్రదర్శనే నేటికి మిగిలింది. పరిషత్తు పోటీలకు వెళ్లేవారు దీనిని తప్పక చూడాలి, ఎందుకంటే వేదిక మీద మనకు ఉండే ఒత్తిడి అందులో అచ్చంగా కనిపిస్తుంది.

1971 జనవరిలో భార్య హెలెన్ మరణించిన తరువాత ఆయన ముఖం, శరీరం ఎంతగా చిక్కిపోయాయంటే, ‘డ్రాకులా ఏ.డి. 1972’లో తండ్రిగా రాసిన పాత్రను తాతగా మార్చవలసి వచ్చింది. 1972లోనే వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’లో భార్యను పోగొట్టుకున్న ముసలి గ్రిమ్స్‌డైక్‌గా ఆయన కనిపిస్తారు. ఈ దృశ్యాలను శబ్దం తీసి చూడవద్దు, ఒకసారి మామూలుగా చూస్తే చాలు. 1969 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్ మస్ట్ బి డిస్ట్రాయ్డ్’లో నిర్మాతలు పట్టుబట్టి చేర్పించిన అత్యాచార ఘట్టం ఉంది. దానిని కుషింగ్, నటి వెరోనికా కార్ల్‌సన్ ఇద్దరూ వ్యతిరేకించారు. దానిని దాటవేయండి, నటన నేర్చుకోవడానికి అందులో ఏమీ లేదు. ‘స్టార్ వార్స్’ (1977)లో క్రూరుడైన అధికారి టార్కిన్ పాత్రను చివరన చూడవచ్చు. బూట్లు బిగుతై ఇంటి చెప్పులతో నటించినా, నడుము పైభాగంలో అధికారం ఏమాత్రం తగ్గలేదు.

కుషింగ్ తన ప్రతుల అంచుల్లో దుస్తుల బొమ్మలు, వస్తువుల వివరాలు రాసుకొనేవారు. మీరూ మీ నాటకం ప్రతిని అలాగే సిద్ధం చేసుకోండి. ప్రతి సంభాషణ పక్కన అప్పుడు మీ చేతిలో ఏ ప్రాపర్టీ ఉంటుందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు పోతుందో రాయండి. ఏమీ లేని చోట ‘ఖాళీ’ అని రాయండి. మొదటి రిహార్సల్ నుంచే అసలు వస్తువులు వాడండి. ఇత్తడి కుందె అవసరమైన చోట అట్టముక్క పట్టుకొని సాధన చేస్తే, ప్రదర్శన రోజున దాని బరువు మీ మణికట్టుకు కొత్తగా ఉంటుంది.