ఇంట్లో వైఫై, 3వ పాఠం: గీతలు వదిలేసి అంకె చూద్దాం

పోయిన పాఠంలో ఇంటి బొమ్మ గీసి, రౌటర్ ఎక్కడుందో, ఫోన్ ఎక్కువగా ఎక్కడ కూర్చుని వాడతారో గుర్తు పెట్టమన్నాను కదా. ఆ కాగితం తీసి దగ్గర పెట్టుకోండి, ఈరోజు దాని మీద అంకెలు రాస్తాం.

ముందు ఫోన్ పైన కనిపించే గీతల సంగతి. ఎంత సిగ్నల్ ఉంటే ఎన్ని గీతలు చూపించాలన్న ఉమ్మడి నియమం ఏదీ లేదు, ఒక్కో కంపెనీ తన లెక్క తాను వేసుకుంటుంది. అందుకే ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్న రెండు ఫోన్లలో ఒకటి మూడు గీతలు, ఇంకొకటి రెండు చూపించొచ్చు. అంతమాత్రాన ఫోన్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. మనకు కావలసింది సిగ్నల్ బలాన్ని కొలిచి చెప్పే డీబీఎం అనే అంకె. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ అని వెతికితే కనిపించే ఉచిత యాప్‌లలో ఏదో ఒకటి చాలు. ఐఫోన్ అయితే ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ వేసుకుని, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద ఉండే వైఫై స్కానర్‌ని ఆన్ చేయండి.

ఈ అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. రౌటర్ పక్కన మైనస్ 30, 40 ప్రాంతంలో ఉంటుంది. మైనస్ 67 దాకా మామూలుగా వీడియో కాల్‌కి కూడా ఇబ్బంది ఉండదు, 80 దాటితే పేజీలు ఆగి ఆగి తెరుచుకుంటాయి, 90 దగ్గర కనెక్షన్ తెగిపోతూ ఉంటుంది. ఒక్క విషయం మాత్రం బాగా ఎక్కించుకోండి: అంకె 3 తగ్గితే (అంటే మైనస్ 50 నుంచి మైనస్ 53కి పడితే) సిగ్నల్ శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకు పడినట్టు. మైనస్ 50 ఉన్న చోటి నుంచి మైనస్ 70 ఉన్న చోటికి వచ్చారంటే మీ ఫోన్‌కి అందేది వందో వంతే, అయినా అది చక్కగా పనిచేస్తుంది. అంత సన్నటి సిగ్నల్‌ని పట్టుకునే ఆ చిన్న రేడియో అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు యాప్ తెరిచి ఒకచోట కదలకుండా కూర్చోండి. మీరు కదలకపోయినా అంకె కదులుతూనే ఉంటుంది, ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే. రౌటర్ నుంచి వచ్చే తరంగం నేరుగా ఒక్క దారిలోనే రాదు, గోడలకు, నేలకు, పైకప్పుకు, బీరువాకు తగిలి నాలుగైదు దారుల్లో వస్తుంది, అవన్నీ మీ ఫోన్ దగ్గర కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదానికొకటి బలమిస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఇళ్లలో వైఫై ఎక్కువగా వాడే రెండు రకాల తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాదాపు 6. కాబట్టి ఫోన్‌ని బెత్తెడు దూరం జరిపినా మంచి చోటు నుంచి చెడ్డ చోటికి వెళ్లిపోవచ్చు. ఎవరైనా గదిలో నడిచినా, తలుపు మూసినా ఆ దారులు మారిపోతాయి.

దీనికి తోడు మన ఒళ్లు. ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. రౌటర్ వైపు ముఖం పెట్టి ఒకసారి, వీపు పెట్టి ఒకసారి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఫోన్‌ని అడ్డంగా తిప్పి రెండు చేతులతో పట్టుకుంటే యాంటెన్నా మీదే చెయ్యి పడి అంకె ఇంకా తగ్గొచ్చు.

నేను మొదట్లో ఒక్కో చోట ఒక్కసారే చూసి రాసుకుని, దాన్ని నమ్మి రౌటర్ చోటు మార్చాను. మళ్లీ కొలిస్తే పాత అంకెలే తప్పని తేలింది. మీరు ఇలా చేయండి: ప్రతి చోటా ఫోన్‌ని మామూలుగా ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని, నాలుగు దిక్కులకూ తిరిగి, ఒక్కో దిక్కులో పది సెకన్లు ఆగి, ఎక్కువసేపు కనిపించిన అంకె రాసుకోండి. పక్కనే 2.4 లో ఉన్నారా, 5 లో ఉన్నారా అన్నది కూడా రాయాలి, ఎందుకంటే రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోన్ మీకు చెప్పకుండానే ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి ఎక్కువ నీరసిస్తుంది.

చెక్క తలుపు పెద్దగా అడ్డం కాదు. ఇటుక గోడ కొంత తినేస్తుంది, ఇనుప చువ్వల కాంక్రీటు చాలా తినేస్తుంది. నిలువుటద్దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు, దాని వెనక లోహపు పూత ఉంటుంది, తరంగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. అలాంటివి ఎక్కడున్నాయో బొమ్మలో గుర్తు పెట్టండి.

ఇంకొక మాట, ఈ అంకె రౌటర్ మాట ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే చెబుతుంది. ఫోన్ మాట రౌటర్‌కి ఎలా వినిపిస్తోందో చెప్పదు, ఫోన్ గొంతు సాధారణంగా చిన్నది. కాల్‌లో అవతలివాళ్లు మనకు స్పష్టంగా వినిపిస్తూ, మన మాట మాత్రం వాళ్లకు తెగిపోవడానికి ఇదొక కారణం. అలాంటి చోట్ల కాగితం మీద చుక్క పెట్టండి.

పగలు ఒకసారి, రాత్రి అందరూ నెట్ వాడే సమయంలో ఒకసారి కొలవండి. అంకె అలాగే ఉండి స్పీడు మాత్రమే పడిపోయిన చోట్లుంటే వాటి చుట్టూ సున్నా చుట్టి ఉంచండి, అక్కడ తప్పు సిగ్నల్ బలానిది కాకపోవచ్చు, పక్కింటి రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్ చేసే గోల కావచ్చు. 4వ పాఠంలో ఆ సున్నాల దగ్గరి నుంచే మొదలుపెట్టి 1, 6, 11 ఛానెళ్లలోకి (2.4 గిగాహెర్ట్జ్‌లో రౌటర్లు పంచుకునే భాగాల్లోకి) వెళ్దాం.